వెనక్కి మళ్లిన గొల్లభామలు

2023 వానాకాలం. సిద్దిపేటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆ రోజు, ఎవరో పంపిన కోడ్‌ను ఒక్కసారైనా నడిపి చూడకుండా, టీ తాగుతూ నా ప్యాకేజీలో కలిపేసి కుకునూరుపల్లిలో పెళ్లికి వెళ్లిపోయాను. తప్పు పూర్తిగా నాదే.

గళ్ల కాగితం మీద గీసిన బొమ్మను చదివి, ఏ వరుసలో ఏ పోగులు లేపాలో నేతపనివాళ్లకు చీటీ తయారుచేసే ప్యాకేజీ అది. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ చూసి మార్పులు పంపవచ్చు. అలా వచ్చిన మార్పులను పరీక్షించి, ఒక నంబరు వేసి జనానికి ఇవ్వడాన్ని రిలీజ్ అంటారు. మాకు పరీక్షా లేదు, నంబరూ లేదు. నేను కలిపిన మరుక్షణం అందరికీ అదే చేరేది. ఆ వేగం చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

మర్నాడు పక్క వీధి రాజవ్వక్క ఫోన్ చేసి మగ్గం దగ్గరికి రమ్మంది. ఆమె నా ప్యాకేజీ ఇచ్చే చీటీలు చూసి, తలమీద పాలకుండతో నడిచే ఆడవాళ్ల బొమ్మలుండే గొల్లభామ చీరలు నేస్తుంది. అప్పుడు మగ్గం మీదున్న చీర మొదటిసారి ఆమె పేరుతో చేనేత ప్రదర్శనకు వెళ్లాలి. గడువు పది రోజులు.

నేసిన బట్ట కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి ముందురోజు వరుసలు కంటికి కనబడవు. ఆమె చుట్ట విప్పి కొంగు చూపించింది. సగం గొల్లభామలు కుడికి నడుస్తున్నారు, నా కొత్త చీటీతో నేసిన మిగతా సగం ఎడమకు.

"గీళ్లు అంగడికి పోతున్రు, గాళ్లు మర్లి ఇంటికొస్తున్రు. ఏంది తమ్మీ, పాలు అమ్ముడువోలేదా?"

ఆమె కోడలు పకపకా నవ్వింది.

"ఆ మార్పు నేను రాయలేదక్కా, వేరేవాళ్లు పంపిన్రు" అన్నాను. అంతకంటే సిగ్గుపడాల్సిన మాట నా వృత్తిలో మరొకటి అనలేదు.

"రాసినోడు నాకెర్కనా? నాకు ఇచ్చింది నువ్వు. నాకు అనుమానమొచ్చింది గానీ, కంప్యూటర్‌కు తెల్వదా అని నేసిన." తప్పు వరుస మీద వేలు పెట్టి మళ్లీ అంది: "మేం జానెడు నమూనా నెయ్యంది చీరె మొదలువెట్టం. ఇంకో మనిషి సూడంది మగ్గం మీంచి కొయ్యం. మీ పనిల గసుంటిదేం లేదా?"

ఇంటికెళ్లి ఆ మార్పు తీసేసి, పాత కోడ్‌నే మళ్లీ అందరికీ ఇచ్చాను. తర్వాత రెండు రోజులు సెలవు పెట్టి, ఆమె పక్కన కూర్చుని తప్పుగా పడిన పోగులు ఒక్కొక్కటే విప్పాను. ఒకటి లాగితే పక్కది తెగబోయేది. "మెల్లగ, అది కీబోర్డు గాదు" అని కసిరేది.

ఆ రెండు రోజుల్లోనే మా రిలీజ్ పద్ధతి తయారైంది. ఏ మార్పయినా ముందు రిలీజ్ క్యాండిడేట్‌గా, అంటే నమూనాగా, వస్తుంది. పాత బొమ్మలన్నిటికీ అది ఇచ్చే చీటీలను పాత చీటీలతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. ఆ తర్వాత ఒక నేతమనిషి జానెడు నేసి సరే అనాలి. అప్పుడే నంబరు.

ఆ మార్పునే సరిచేసి తెచ్చిన మొదటి నమూనాను చిన్నకోడూరులో ఒకాయన నేసి, అంచు దగ్గర ఒక పోగు తప్పుతోందని పట్టుకున్నాడు. సరిదిద్దాం. రెండోది రాజవ్వక్క నేసింది. చుట్ట విప్పి చూస్తే గొల్లభామలందరూ ఒకే దిక్కుకు!

"ఇగ వదులు" అంది. వదిలాను. ఒకటో నంబరు రిలీజ్ అలా మగ్గం పక్కనుంచే వెళ్లింది. చీర గడువుకు ఒకరోజు ముందే పూర్తయింది. ప్రదర్శనలో దాన్ని గుమ్మానికి ఎదురుగా వేలాడదీశారు. రాజవ్వక్క దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ తన పేరు తానే చెప్పుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంతటి గెలుపు దక్కలేదు.

ఆ సాయంత్రం రెండు పనులు చేశాను. చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, మొట్టమొదటి పంక్తిగా ఆ తప్పును నా పేరుతో రాశాను. మార్పు పంపినవాళ్ల పేరు రాయలేదు. తర్వాత, నేను ఒక్కణ్ణే రిలీజ్ చేసే వీలు లేకుండా నా ఖాతాకే తాళం వేసుకున్నాను. దాని రెండో తాళం చెవి, అంటే రిలీజ్ వెళ్లాలంటే కావాల్సిన రెండో అనుమతి, రాజవ్వక్క ఫోన్‌లో ఉంది. నిరుడు ఒక రిలీజ్‌కు నేను తొందరపెడితే ఆమె ఆ అనుమతి ఇవ్వలేదు.

"నమూనా ఇంకా నెయ్యలే తమ్మీ" అంది. ఆగాను.