రెండోదే బాగుంది

కంప్యూటర్ విడిభాగాల షాపులోకి అడుగుపెట్టబోతూ కళ్లద్దాల మామయ్య గాజు తలుపుకి నుదురు కొట్టుకున్నాడు. తలుపు మూసి ఉంది. చాలా శుభ్రంగా తుడిచి కూడా ఉంది. లోపల బేరాలాడుతున్న వాళ్లూ, షాపాయనా, వెనకే వస్తున్న మేనకోడలూ ఆ చప్పుడు విన్నారు. షాపాయన లేచి వచ్చి తలుపు తీసి, రండి రండి అని మామయ్యని లోపలికి పిలిచి, ఆ తర్వాత గుడ్డ తెచ్చి గాజు మీద పడ్డ నుదుటి ముద్రని తుడిచాడు.

ఇక్కడ చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. మామయ్య ఉద్యోగం జనానికి చూపు పరీక్షించడం.

ఏళ్ల తరబడి ఆయన ఒక కళ్లద్దాల షాపు వెనకగదిలో, వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అద్దం తీసి అద్దం వేస్తూ, "ఇది బాగుందా? ఇదా?" అని అడుగుతున్నాడు. చివరికొచ్చేసరికి రెండు అద్దాలకీ తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటప్పుడు 'రెండూ ఒకేలా ఉన్నాయండీ' అనేస్తే పనైపోతుంది. కానీ అలా అనేవాళ్లు తక్కువ. ఎక్కడ తెలివితక్కువవాళ్లం అనుకుంటారోనని కాసేపు మెడ అటూ ఇటూ వంచి, "రెండోదే బాగుంది" అంటారు. ఒక్కోసారి మామయ్య కావాలనే ఉన్న అద్దాన్నే తీసి మళ్లీ అదే వేస్తాడు. అప్పుడూ రెండోదే బాగుంటుంది.

ఈ కబుర్లన్నీ అక్క ఇంటికి మోసుకొచ్చి, అక్కనీ బావగారినీ కడుపుబ్బేలా నవ్వించడం ఆయనకి అలవాటు.

"తెలియకపోతే తెలియట్లేదని చెప్పడానికి ఏం రోగం బావగారూ వీళ్లకి?" అనేవాడు చివర్లో, కళ్లు తుడుచుకుంటూ.

అక్క కూతురు ఇంకా కట్టని ఇళ్లకి సినిమాలు తీస్తుంది. అంటే, బిల్డరు ఇచ్చిన ప్లాను చూసి కంప్యూటర్లోనే గోడలు లేపి, వంటగది అమర్చి, కిటికీలోంచి ఎండ పడేట్టు చేసి, కొనేవాళ్లని ఇల్లంతా తిప్పి చూపిస్తుంది. ఆమె పాత కంప్యూటరుకి అంత ఓపిక లేదు. ఆ బొమ్మ తేలేలోపు నిజం వంటగదే కట్టేయొచ్చని బావగారు ఎకసెక్కాలాడేవారు. అలాంటి సమయంలో మొదటిసారి ఒక పెద్ద పని వచ్చింది, మొత్తం అపార్టుమెంటుది. గడువు దాటితే పని ఇంకొకరికి పోతుందని బిల్డరు ముందే చెప్పేశాడు.

"నీకెందుకమ్మడూ దిగులు, నేనున్నాగా!" అన్నాడు మామయ్య. "కొత్త కంప్యూటర్ నేను కూర్చి పెడతా. దాన్ని ఓవర్‌క్లాక్ చేసి ఇస్తా. చూసుకో ఇక."

"అదేంటోయ్ బామ్మర్దీ?" అని బావగారు అడిగారు.

"కంప్యూటరుకి మెదడులాంటి ప్రాసెసర్‌ని కంపెనీవాడు పెట్టిన వేగం కంటే ఎక్కువ తోలడం బావగారూ."

బావగారిది డ్రైవింగ్ స్కూలు. "మా దగ్గర అలా తోలితే దింపేస్తాం," అన్నారు.

మామయ్య నెల రోజులు వీడియోలు చూశాడు. వోల్టేజీలంటే ఏమిటో, వేడి ఎటు పోవాలో, ప్రాసెసర్లలో ఏది వేగం పెంచితే పెరుగుతుందో అన్నీ వంటబట్టించుకున్నాడు. చివరికి ప్రాసెసర్‌ని కూర్చోబెట్టే పలక, అదే మదర్‌బోర్డు, ఒకదాని మీద మనసు పడ్డాడు. షాపుకి వెళ్లే దారంతా మేనకోడలికి దాని గురించే పాఠం చెప్పాడు. అదయ్యాకే ఆ తలుపు తగిలింది.

నుదురు చురుక్కుమంటున్నా తేలిగ్గా నవ్వుతూ బోర్డు పేరు చెప్పాడు, గుర్తురాని చివరి అక్షరం ఒక్కటీ వదిలేసి. షాపాయన రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నలుపు, ఒకే సైజు. పేర్లు కూడా తోబుట్టువుల పేర్లలా ఉన్నాయి. మూతలు తీస్తే లోపల బోర్డులూ అంతే. స్క్రూల రంధ్రాలు కూడా ఒకేచోట ఉన్నాయి. రెండోదానికి అంచున రంగు లైట్లు ఎక్కువ.

"ఇవి రెండూ ఉన్నాయి సార్. ఏది ఇమ్మంటారు?"

తేడా ఏమిటని అడిగితే షాపాయన సంతోషంగా చెప్పేవాడు. చెప్పడమే ఆయన పని. కానీ పక్కన మేనకోడలుంది. దారంతా చెప్పిన పాఠముంది. నుదుటి మీద బొప్పి ఉంది. ఒకే పూటలో గాజు తలుపూ కనబడలేదు, బోర్డులకి తేడా కూడా కనబడలేదంటే ఇంక మిగిలేదేముంది? మామయ్య మెడ ఒకసారి ఇటు వంచాడు, ఒకసారి అటు వంచాడు.

"రెండోదే బాగుంది," అన్నాడు.

ఇంటికి తెచ్చి, హాల్లో దుప్పటి పరిచి, అందరూ చుట్టూ కూర్చుని చూస్తుండగా ఒక్కొక్కటే బిగించాడు. మీట నొక్కగానే లైట్లు వెలిగాయి. అక్క చప్పట్లు కొట్టింది. మామయ్య వేళ్లు విరుచుకుని సెట్టింగులు తెరిచాడు. అందులో వేగం పెంచే వరస ఎక్కడుంటుందో వీడియోల్లో చూసి చూసి కంఠతా వచ్చు. అది బూడిదరంగులో ఉంది. బాణం గుర్తు దాని మీద నిలవకుండా కిందికి జారిపోయింది. మళ్లీ పైకి తెచ్చాడు, మళ్లీ జారింది.

అప్పుడర్థమైంది. అన్నలో ఉన్నది తమ్ముడిలో లేదు. వేగం పెంచనిచ్చే చిప్పు మొదటి బోర్డు మీద ఉంది. ఇది ప్రాసెసర్‌ని కంపెనీ వేగం దాటనివ్వదు. పెంచుకోగలిగిన ఖరీదైన ప్రాసెసర్ తెచ్చి, పెంచనివ్వని బోర్డు మీద కూర్చోబెట్టాడు.

"ఏమైంది మామయ్యా?"

"ఏముంది, అయిపోయింది. వేగం ఎక్కేసింది," అన్నాడు.

అని ఊరుకుంటే పోయేది. అయిందనడానికి ఏదో ఒక ఆనవాలు ఉండాలి కదా! ఆ పక్కనే ఫ్యాన్ల సెట్టింగు కనబడింది. అన్నిటినీ చివరిదాకా పెంచేశాడు. పిండిమర తిప్పినట్టు హోరు లేచింది. దుప్పటి అంచులు రెపరెపలాడాయి.

"అబ్బో! వేగమంటే అదీ!" అంది అక్క.

బావగారు మాత్రం చెవి దగ్గరగా పెట్టి విని, "గేరు వెయ్యకుండా ఎక్సలేటరు తొక్కినట్టుందేమోయ్," అన్నారు. మామయ్య మంచినీళ్లు కావాలని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మేనకోడలు ఫోన్లు ఆయనకి వినబడ్డం తగ్గింది. అక్క ఫోన్ చేసి, "పిల్ల తిండి తినట్లేదురా, గడువు దగ్గరికొచ్చేస్తోందట, ఆ మెషీను పాతదాని కంటే నయమేగానీ ఇంత పెద్ద పనికి ఎంతకీ చాలట్లేదట," అంటే, "కొత్త కదా అక్కా, సర్దుకుంటుంది," అన్నాడు. అని ఫోన్ పెట్టేసి, తన గొంతు తనకే ఎవరో చిల్లర మోసగాడిదిలా వినబడి, ఆ రోజు కాఫీ కూడా ముట్టలేదు.

ఒక సాయంత్రం రిటైరైన లెక్కల టీచరమ్మ చూపు చూపించుకోవడానికి వచ్చింది. మామయ్య అలవాటు కొద్దీ ఉన్న అద్దాన్నే తీసి మళ్లీ అదే వేసి, "ఇది బాగుందా? ఇదా?" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించింది.

"రెండూ ఒకటే కదండీ," అంది. తర్వాత నొచ్చుకుంటూ, "నాకే తెలియట్లేదేమో. ఏమీ అనుకోకండి, చూపు సరిగా ఆనక అడుగుతున్నా, తేడా ఏమిటి?" అంది.

మామయ్య ఫ్రేము తీసి చేతిలో పట్టుకుని నించుండిపోయాడు. "తేడా లేదమ్మా. మీ చూపు బాగుంది," అన్నాడు మెల్లిగా. ఇన్నేళ్లలో ఇంటికెళ్లి చెప్పాలనిపించని కబురు ఇదొక్కటే.

ఆవిడ వెళ్లగానే విడిభాగాల షాపుకి ఫోన్ చేశాడు. ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు. "నుదురు ఎలా ఉంది సార్?" అన్నాడు షాపాయన. తర్వాత, "పెట్టెతో సహా తెచ్చేయండి, మార్చి ఇస్తా. మీ మేనకోడలి గడువులోపే అయిపోతుంది," అన్నాడు.

మామయ్య నేరుగా అక్క ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోకే హోరు వినబడుతోంది. అటక మీంచి బోర్డు ఖాళీ పెట్టె దించి చంకలో పెట్టుకుని మేనకోడలి గదిలోకి నడిచాడు. తెర మీద సగం తేలిన వంటగది ఉంది. కిటికీలో ఎండ ఇంకా పడలేదు. ఆ పిల్ల కళ్ల కింద నల్లటి చారలు చూసి, పెట్టెని మెల్లిగా ఆమె బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర బావగారు కూడా వచ్చి నించున్నారు.

మేనకోడలు కుర్చీ ఇటు తిప్పి, ఏడుపు ఆపుకుంటూ, "ఏంటి మామయ్యా ఇది, ఇంత గోల పెడుతుంది గానీ అడుగు ముందుకెయ్యదు!" అంది.

"ఆ గోల నేను పెట్టిందమ్మడూ, అడుగెయ్యనిది నేను కొన్నది."