గోడ మీద మన వేళ్లు

డుంబ్రిగుడ దగ్గర మా పాత మట్టిల్లు పడగొడుతున్న వీడియో తమ్ముడు పంపాడు. చూడగానే తడి ఎర్రమట్టి వాసన ముక్కుకు తగిలినట్టైంది. చిన్ననాటి నేస్తాలూ, మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? చైత్రంలో మన కొండ ఊళ్ల ఇటుకల పండక్కి ముందు గోడలకు మట్టి పూసేటప్పుడు మోకాలి ఎత్తు వరకూ పిల్లలదే కదా పని! పైన అమ్మ అరచేతి వంపులు, కింద మన వేళ్ల గీతలు.

"ఒక్క పెచ్చైనా దాచరా" అని ఫోన్లో బతిమాలాను.

"మట్టిపెచ్చు ఏటి సేసుకుంతావక్కా? టైల్స్ ఇల్లు సూద్దువు గానీ, బేగి రా" అని నవ్వాడు.

కొత్త ఇల్లు పూర్తయ్యాక విశాఖ నుంచి వెళ్లాను. కొత్త గోడలు తెల్లగా, నున్నగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒంగి, మోకాలి ఎత్తులో చెయ్యి ఆనించాను.

"సెయ్యి తియ్యక్కా, మరకలు పడతాయి" అన్నాడు.