యాభై రెండో సంతకం

ఒకప్పుడు ఆ ఊళ్ళో ఇంటికి తాళం వేసి వెళ్ళేవాళ్ళు పిల్లిని తలుచుకుని రెండోసారి లాగి చూసుకునేవారు. నాలుగు కాళ్ళ పిల్లి కాదు లెండి, మన పిల్లి. అడుగు చప్పుడుండదు, తాళం విరగదు, లోపల సామాను మాత్రం ఉండదు!

ఒకే ఒక్కసారి దొరికాడు. మూడేళ్ళు జైల్లో ఉండొచ్చాక బుద్ధిగా గొడుగులు బాగుచేసుకుంటున్నాడు. కోర్టు షరతు ఒకటుంది. ఏడాదిపాటు ప్రతి ఆదివారం సాయంత్రం అయిదులోపు స్టేషన్ రిజిస్టర్లో సంతకం పెట్టాలి. పరాయి తాళం మీద వేలు వెయ్యకూడదు. యాభై రెండు సంతకాలూ పడితే స్టేషన్ గోడ మీద దొంగల వరసలోంచి అతని ఫోటో తీసేస్తారు. ఒక్కటి తప్పినా కథ మళ్ళీ మొదటికే.

అతని దిగులంతా ఆ ఫోటో గురించే. కూతురు ఆసుపత్రిలో నర్సు. పోయిన ఫోను గురించి ఫిర్యాదివ్వడానికి వెళ్ళి, గోడ మీద తండ్రిని చూసి, తల దించుకుని వచ్చేసింది. "అది దిగిన రోజే నీ గడప తొక్కుతా" అంది. ఆ తర్వాత పలకరింపు కూడా మానేసింది.

నలభై ఎనిమిది సంతకాలయ్యేసరికి మాయదారి మహమ్మారి వచ్చిపడింది. ఊరంతా ఇళ్ళల్లోనే కూర్చుంటే దొంగలు ఎక్కడ దూరతారు, పాపం? నేరాల పుస్తకంలో పేజీలు తెల్లగా మిగిలాయి. వస్తే గిస్తే పక్కింటాయన దగ్గాడని ఫిర్యాదు. పోలీసులు దొంగల్ని వదిలేసి, పాలప్యాకెట్ వంకతో షికార్లు కొట్టే పెద్దమనుషుల వెంటపడ్డారు. పిల్లినీ ఆపారు.

"ఎక్కడికి బయల్దేరావు?"

"మీ దగ్గరికే బాబూ!"

దొంగతనాలు చేసినన్నాళ్ళూ ఒక్కసారే దొరికినవాడు, సంతకానికి వెళ్తూ మూడుసార్లు దొరికిపోయాడు.

చివరి ఆదివారం నాలుగింటికే స్టేషన్ చేరాడు. చూస్తే సిబ్బందంతా వరండాలో నిలబడి ఉన్నారు. రికార్డులు రాసే రైటర్‌కి జ్వరం వచ్చిందని రెండు రోజుల క్రితం స్టేషనంతా మందు కొట్టి తాళం వేశారు. ఆ తాళంచెవిని అలవాటుకొద్దీ జేబులో వేసుకుని ఆ రైటరే ఆసుపత్రిలో చేరిపోయాడు! అతని బట్టలన్నీ సంచిలో కట్టి పక్కన పెట్టేశారు, నాలుగు రోజులదాకా విప్పరట. పగలగొడదామంటే సుత్తి లేదు, కొందామంటే కొట్లు లేవు.

"కాయితం మీద పెడతానమ్మా," అన్నాడు పిల్లి ఏడుపుగొంతుతో.

"రిజిస్టర్లో పడకపోతే కోర్టు ఒప్పుకోదయ్యా," అంది ఎస్సైగారు. తాళం వైపు చూసి, పిల్లి వైపు చూసి, గొంతు తగ్గించింది. "నువ్వైతే చిటికెలో..."

"అమ్మో! పరాయి తాళం ముట్టుకుంటే యాభై ఒకటీ గంగలో కలుస్తాయి. నన్ను ముంచకండి తల్లీ!"

గడియారం నాలుగున్నర దాటింది. పిల్లికి కూతురి మొహం కళ్ళముందు మెదిలింది. ఉన్నట్టుండి వెళ్ళి, దూరం పాటించడానికి సున్నంతో గీసిన గుండ్రంలో నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నేను ముట్టుకోను. మీ తాళం మీరే తీసుకోండి. నేను నోటితో చెప్తా. తలపిన్ను ఉందామ్మా?"

ఎస్సైగారు జుట్టులోంచి పిన్ను తీసింది. కానిస్టేబుళ్ళు నవ్వాపుకోలేక మాస్కులు సర్దుకున్నారు.

"మెల్లగా... అబ్బబ్బ, అది తాళమమ్మా, ముద్దాయి కాదు! బెదిరిస్తే రాదు, బుజ్జగించాలి. చెవి పెట్టి వినండి."

"ఏమీ వినపడట్లేదయ్యా!"

"పోలీసులకి వినే అలవాటెక్కడిది లెండి."

ఈసారి ఎస్సైగారు కూడా నవ్వేసింది. నాలుగు యాభైకి టక్కుమంది. వరండా అంతా చప్పట్లు! పిల్లి ఒక్క ఉదుటున లోపలికెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టాడు. ఎస్సైగారే కుర్చీ ఎక్కి ఫోటో తీసి అతని చేతిలో పెట్టింది.

"నీ ఖాళీలో ఇక నా ఫోటో పెట్టాలేమో," అంది.

పిల్లి తిన్నగా ఆసుపత్రి గేటుకి నడిచాడు. కబురందుకుని కూతురొచ్చి ఊచలకి అవతల, దూరంగా నిలబడింది. తలనుంచి కాళ్ళదాకా కప్పుకుని ఉంది, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఫోటో ఎత్తి చూపించాడు.

"దిగింది తల్లీ. చించేస్తా, చూడు."

"చించకు నాన్నా!" అందామె. "ఆ ఊచల దగ్గర పెట్టి వెనక్కి జరుగు. నా దగ్గర నీ ఫోటో ఒక్కటీ లేదు."