చలిగదిలో రాతిపూలు

భోజన్నకు చలి అంటే యంత్రం చేసే పని. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి సౌదీకి వచ్చిన కొత్తలో హఫర్ అల్ బాతిన్‌లో సిమెంటు మోశాడు. తర్వాత హాయిల్‌లో కూరగాయలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో చేరి, ఒక పాకిస్తానీ ఉస్తాద్ దగ్గర గ్యాస్ నింపడం, కంప్రెసర్ విప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నడివయసు దాటాక, అదే ఊళ్లోని ఒక యూనివర్సిటీలో ఏసీలు, ఫ్రీజర్లు చూసే కంపెనీలో మెకానిక్. మంచు మాత్రం ఫ్రీజర్ గోడలకు పేరుకున్నది తప్ప ఎరగడు.

ఆ యూనివర్సిటీలో మొక్కల మీద పరిశోధన చేసే విభాగం చివర ఒక చలిగది ఉంది. అరల నిండా చిన్న చిన్న కాగితపు పొట్లాలు. ఏవో మందు దినుసులు కాబోలు అనుకుని భోజన్న ఎన్నడూ అడగలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, బయట గాలి బట్టీ ముందు నిలబడ్డట్టు కొడుతున్న వేళ, ఆ గది కంప్రెసర్ ఆగిపోయింది. కబురు అందేసరికి అతను ఊరవతల ఇంకో పనిలో ఉన్నాడు. ఉరుకుల మీద వచ్చి తలుపు తీస్తే లోపలి గాలి వెచ్చగా ముఖానికి తగిలింది. కోల్డ్ స్టోరేజీలో ఒకసారి ఇలాగే జరిగి, టమాటా పెట్టెలన్నీ నీరుకారి కుళ్లిపోవడం అతనికి ఇంకా గుర్తుంది.

ఆ గది బాధ్యత చూసే సురయ్యా వెనకే వచ్చింది. ప్రొద్దుటూరు అమ్మాయి, ఇక్కడ పరిశోధన చేస్తోంది.

"మేడం, నేనచ్చేటాళ్లకే అంత ఎచ్చగైంది. లోపలియి అన్నీ ఖరాబైనయా?"

"ఏం కాలేదులే భోజన్నా. ముందు నీళ్లు తాగు."

"సావయా అవి?"

"అంత సులువుగా సచ్చేటివి కాదు. రా, సూపిస్తా."

ఆమె ఒక పొట్లం విప్పి గాజు పళ్లెంలో వంచింది. నల్లగా, మాడిన అప్పడం ముక్కలా ఉందది. వేలితో నొక్కితే పొడి అయ్యేలా ఉంది.

"దక్షిణ ధ్రువం కాడ రాయి మింద పెరిగింది. లైకెన్ అంటారు. బిర్యానీలో రాతిపువ్వు ఏస్తారు సూడు, అదీ ఇట్లాంటిదే. బూజూ పాచీ కలిసి ఒకటే ఒళ్లుగా బతుకుతాయి. బూజు ఇల్లు కడుతుంది, పాచి ఎండతో అన్నం వండుతుంది."

చిన్న సీసాతో దాని మీద నీళ్లు చిమ్మింది. భోజన్న వంగి చూశాడు. అంచులు ముందు కదిలాయి. ముడుచుకున్న ముక్క మెల్లగా విచ్చుకుని, తడిసిన తోలులా మెత్తబడింది. నలుపులోంచి ఆకుపచ్చ పైకి తేలింది. సురయ్యా దాన్ని గాజు డబ్బాలో పెట్టి దీపం వేసి, గొట్టాలు బిగించింది. పక్కనున్న తెర మీద బల్లపరుపుగా సాగుతున్న గీత కాసేపటికి పైకి లేచింది.

"ఊపిరి పీలుస్తా ఉంది," అంది సురయ్యా. "పొట్లం కట్టి చానా ఏండ్లయింది. ఇన్నాళ్లూ నిద్రపోయింది, అంతే."

భోజన్న కాలిపోయిన కెపాసిటర్ మార్చాడు, గ్యాస్ సరిచూశాడు, కంప్రెసర్ మళ్లీ అందుకున్నాక కూడా వెళ్లకుండా ఆ తెర ముందే నిలబడ్డాడు.

ఆనాటి నుంచి పనున్నా లేకున్నా వారానికోసారి అటు వచ్చేవాడు. సురయ్యాకు తీరిక ఉంటే పొట్లాలు విప్పి చూపించేది. బూడిదరంగు గడ్డంలా వేలాడే కుచ్చు ఒకటి. సముద్రపు పక్షులు గుంపుగా వాలే గుట్ట నుంచి తెచ్చిన రాతి మీద కుంకుమపువ్వు రంగు పొర ఒకటి. పక్షుల రెట్టే దానికి ఎరువట. దక్షిణాన ఆ మంచు ఖండమంతటా పూలు పూసే మొక్కలు రెండే రెండు జాతులని, లైకెన్లు మాత్రం నాలుగు వందల రకాలకు తక్కువ ఉండవని ఆమె చెప్పింది. సముద్రపు ఒడ్డున, ఎండ పడే రాళ్ల మీద ఎక్కువ రకాలు. లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతాయి. ఉత్తర ధ్రువం వైపు వెయ్యి రకాలు దాటుతాయి. కొన్ని రెండు ధ్రువాల దగ్గరా ఉండి, నడుమ ఎత్తైన కొండల మీద మాత్రమే అక్కడక్కడా కనబడతాయి.

"మరి గింత దూరం ఎట్ల పోయినయి మేడం?"

"గాలికి పోయినాయో, పిట్టల కాళ్లకు అంటుకుని పోయినాయో. ఇంకా ఎతుకుతానే ఉండాం."

ఒకరోజు అతని చేతిలో ఒక రాతిముక్క పెట్టింది. పైన ఏమీ లేదు, బోడిరాయి.

"పక్కకు తిప్పు."

విరిగిన వైపు, పైపొరకు కాస్త కింద, నల్లటి గీత, దాని కింద తెల్లది, ఆ కింద పచ్చది. చీర అంచుకు వేసిన నేతలా ఉంది.

"బయట చలికి తాళలేక రాతిలోపలికి పోయి బతుకుతా ఉంది. రాయి సందుల్లోంచి వచ్చే వెలుతురే దానికి చాలు."

రాతిని రెండు చేతులా పట్టుకుని భోజన్న చాలాసేపు నిలబడిపోయాడు. ఎవరూ చూడని చోట, యంత్రమేదీ చేయని ఆ చలిలో, రాయి కడుపులో ఒక ప్రాణం. ఆ సాయంత్రం గదిలో తోటివాడు హన్మాండ్లుకు ఇదంతా చెప్పబోయాడు. మాటలు కుదరక, "గా రాయికి పానమున్నదిరా," అన్నాడు. హన్మాండ్లు అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని నిర్ధారించుకున్నాడు.

చలికాలం వచ్చింది. సురయ్యా, ఆమె భర్త జబీ, మరికొందరు పరిశోధకులు కలిసి ఒక శుక్రవారం ఊరి పక్కనున్న అజా కొండలకు బయల్దేరారు. "ఊపిరి కొలిచే మిషను బ్యాటరీ నమ్మేటట్టు లేదు. నువ్వుంటే ధైర్యం," అని సురయ్యా భోజన్ననూ పిలిచింది.

పొద్దు పొడవక ముందే లోయలోకి చేరారు. రాత్రి తేమకు రాళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. ఉత్తరం వైపు ఒక ఎర్రటి బండ మీద, అరచేయంత గుండ్రంగా, కుంకుమపువ్వు రంగు పొర. సురయ్యా దాని మీద గాజు మూత ఆనించింది. తెర మీద గీత నిదానంగా లేచింది.

"గిది ఆ చలిదేశపుదేనా?"

"అదే కాదు, దాని సుట్టం. దానికి కరిగే మంచు ఎట్లనో, దీనికి తెల్లారిజాము తేమ అట్ల. ఆ కాసేపే దీని బతుకంతా."

సూర్యుడు కొండ మీదికి వచ్చాడు. బండ ఆరింది. గీత దిగిపోయింది. ఇప్పుడది ఎవరో రంగు ఒలకబోసిన మరకలా ఉంది. భోజన్న దాని పక్కన తన చెయ్యి చాచి, తగలకుండా కొలత చూశాడు.

"గింత గావాలంటె ఎన్నేండ్లు వడ్తది?"

"ధ్రువాల కాడయితే కొన్నిటికి వందల ఏండ్లు. దీన్ని ఇంకా ఎవరూ కొలవలేదు."

అతను తలెత్తి చూశాడు. ఏళ్ల తరబడి బండిలో పక్కనుంచి పోతూ వట్టి రాళ్లనుకున్న కొండ అది. ఆ వాలంతా పసుపు, బూడిద, నలుపు మచ్చలు, పై అంచు దాకా.

తినడానికి అందరూ బండల మీద కూర్చున్నారు. భోజన్న మాత్రం బండ మీది మచ్చలు చూసి, తన కండువా ఇసుక మీద పరుచుకున్నాడు.

"ఇట్ల పైకి రా అన్నా, ఈడ నీడుంది," అని జబీ పిలిచాడు.

"వద్దు సార్, గీడ్నే మంచిగున్నది," అన్నాడు భోజన్న, రొట్టె తుంచుకుంటూ.