ఊడదీసినవాళ్ళదే జవాబు

కొరియాలోని ఆసాన్‌లో టీవీ తెరలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలోకి ఎంత మొనగాడైనా గేటు దగ్గరి తాక్ మల్‌సున్ బల్ల దాటే వెళ్ళాలి. లోపల ఫొటోలు తియ్యకుండా, వెళ్ళేముందు ఫోను ఆమెకి అందించాలి. ఫోను వెనక కెమెరాకొకటి, ముందు కెమెరాకొకటి ఆమె గోరంత స్టిక్కర్లు అతికిస్తుంది. ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ చూపించాలి. అవి చెక్కుచెదరకుండా ఉంటే బస్సుకి, లేకపోతే సెక్యూరిటీ గదికి. స్టిక్కరు ఊడదీస్తే ఊడుతుంది గాని "తెరిచారు" అనే ఎర్ర అక్షరాలు అద్దానికే అంటుకుని ఉండిపోతాయి. మళ్ళీ అతికించి బుకాయించడం కుదరదు.

మల్‌సున్ అంటే ఇక ఆడపిల్లలు చాలు బాబోయ్ అని పెట్టే పేరు, మన చాలమ్మ లాగా. ఆ పేరు పెట్టిన తర్వాత కూడా వాళ్ళమ్మకి ఇంకో ఆడపిల్ల పుట్టింది. అందుకేనేమో, ఒకసారి అనుకున్నది అనుకున్నట్టే జరగాలని మల్‌సున్‌కి మొండి పట్టుదల. మేనేజరైనా, క్యాంటీన్ వంటమనిషైనా ఆమెకి ఒకటే, ఎవరికైనా అదే మాట చెప్పేది.

"అతికించింది నేను. ఊడదీస్తే జవాబు మీది."

ఒకసారి ఒక కుర్రాడు, తన బిడ్డ మొదటి పుట్టినరోజు నాడు వీడియోలో ముఖం చూపిద్దామని ముందు స్టిక్కరు ఊడదీశాడు. బయటికొచ్చేటప్పుడు బతిమాలాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మల్‌సున్‌కి జాలి వేసింది. అయినా సెక్యూరిటీ గదికే పంపింది. అక్కడ అందరూ రాసినట్టే అతనూ సంజాయిషీలో "పొరపాటున ఊడింది" అని రాశాడు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళయినా నిజం రాసిన పాపాన పోలేదని ఆమె ఆ రాత్రి మొగుడితో అంది.

మొగుడు పియో దొక్‌గు సిటీ బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. పోయినేడు వసంతంలో మెదడులో చిన్న నరం మూసుకుపోయి ఎడమ చెయ్యి కాస్త మొద్దుబారింది. మిగతా మనిషి బాగానే ఉన్నాడు. కాని ఒకరోజు సోయా పులుసు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి పొగ మెట్ల మీదికి రావడంతో అపార్టుమెంటు వాళ్ళు ఫైరింజను పిలిచారు. కూతురు సొహీ ఇంచియాన్ నుంచి పరుగున వచ్చి, టీవీ పక్కన కోడిగుడ్డంత కెమెరా పెట్టి, దాన్ని తల్లి ఫోనుకి కలిపి వెళ్ళింది. అది చూడడమే కాదు, మాట్లాడుతుంది కూడా.

ఇక చూడాలి మల్‌సున్ కాపలా. గేటు దగ్గర జనం పలచబడితే చాలు, ఫోనులో ఇల్లు చూసుకునేది. మాత్ర వేసుకున్నావా అని టీవీ పక్కనుంచి ఆమె గొంతు వచ్చేది. పొయ్యి కట్టెయ్ అనేది. మళ్ళీ నూడుల్సేనా అనేది. ఎదురింటి నో గారు బియ్యపు కల్లు సీసా చంకలో పెట్టుకుని పేకాటకి వచ్చిన రోజున, ఆయన దొక్‌గుకి గ్లాసు అందించబోయాడో లేదో, "డాక్టరు వద్దన్నాడు కదా" అని టీవీ పక్కనుంచి వినబడింది. పాపం ముసలాయన గ్లాసు అక్కడే పెట్టి, నమస్కారం కూడా కెమెరాకే పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. దొక్‌గు పేకముక్కలు సొరుగులో పెట్టేశాడు.

ఇది ఇలా ఉండగా ఫ్యాక్టరీలో ఒక కొత్త ముచ్చట మొదలైంది. స్టిక్కర్లు సరిగ్గా అతికిస్తున్నారో లేదో చూడడానికి గేటు బల్లకి పైన, సరిగ్గా మల్‌సున్ నెత్తిన, ఒక కెమెరా బిగించారు. వీపు గోక్కుందామన్నా అటూ ఇటూ చూడవలసి వచ్చింది. ఆవలింత వస్తే మింగేసింది. ఆమె కూతురి వయసున్న టీమ్ లీడరు బాంగ్, మీరు ఎక్కువసేపు వాలి కూర్చుంటున్నారని మెసేజ్ పెట్టాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని వాడి ఏడు తరాలనీ దులిపేసింది.

దొక్‌గు కిమ్చీ నములుతూ అంతా విన్నాడు.

"బస్సులో ఏళ్ళ తరబడి నా నెత్తినా ఉంది కెమెరా," అన్నాడు. "ఇంటికెళ్తే ఉండదులే అనుకుని నడిపేవాణ్ణి."

మల్‌సున్ ఆ మాట పట్టించుకోలేదు. ఆవిడకి తన గోడే గోడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఫోను తీసి చూస్తే ఇల్లు లేదు. తెరంతా నల్లగా ఉంది. కరెంటు పోయిందేమో అనుకుంది. కరెంటు పోతే కెమెరా పని చెయ్యడం లేదని చెప్పాలి, కాని చేస్తున్నట్టే చూపిస్తోంది. "సొహీ నాన్నా" అని పిలిచింది. పలకలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పొగ కమ్మేసినా ఇలాగే నల్లగా కనిపిస్తుందన్న ఆలోచన వచ్చేసరికి లేచి నిలబడింది. బాంగ్‌కి ఒక ముక్క చెప్పి, వాడు సరేనన్నాడో లేదో వినకుండా, యూనిఫారంతోనే టాక్సీ ఎక్కింది. దారంతా కిటికీలోంచి తమ అపార్టుమెంటు వైపు పొగ ఉందేమోనని చూస్తూనే ఉంది.

తలుపు తాళం నంబరు నొక్కబోతే తొందరలో ఒకసారి తప్పింది. లోపల పొగ లేదు. పొయ్యి చల్లగా ఉంది. దొక్‌గు హాల్లో నేల మీద, సోఫాకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతని ఫోను పక్కగదిలో పడి ఉంది. కెమెరా కంటి మీద ఆమె గేటు స్టిక్కరే ఉంది.

పని తొందరలో మల్‌సున్ నాలుగైదు స్టిక్కర్లు చొక్కా చేతికి అంటించుకుంటుంది. వాటిలో ఒకటో రెండో మరిచిపోయి ఇంటికి తెస్తుంది. బట్టలు ఉతికేది దొక్‌గే కదా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

ఆమె తిన్నగా వెళ్ళి దాన్ని పీకేసింది. స్టిక్కరు చేతికి వచ్చింది. అద్దం మీద ఎర్ర అక్షరాలు మిగిలాయి. చెంగుతో, అదే, చొక్కా అంచుతో రుద్దింది. అవి పోవని ఆమెకన్నా ఎవరికి తెలుసు?

"అతికించింది నేను," అన్నాడు దొక్‌గు కూర్చున్నచోటునుంచే. "ఊడదీసింది నువ్వు. జవాబు ఎవరిది?"

తిడదామని నోరు తెరిచింది. ఫైరింజను సంగతి, మాత్రల సంగతి, టాక్సీ సంగతి, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కాని ఆ ప్రశ్న తనది. దానికి పక్కదారులు ఏవేవి ఉన్నాయో రోజూ వినేది తనే. పొరపాటున ఊడింది అనడానికి లేదు.

చెప్పులు విడవకుండానే లోపలికొచ్చిన సంగతి అప్పుడు చూసుకుంది. వాటిని విప్పి చేత్తో పట్టుకుని అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"భయం వేసింది," అంది. "అందుకే తీశాను."

దొక్‌గు తల ఊపాడు. ఎడమ చేతి వేళ్ళని కుడి చేత్తో ఒక్కొక్కటే తెరిచి, మళ్ళీ మూస్తున్నాడు.

"నాకూ వేస్తుందే. ఒక్కోరోజు ఈ చెయ్యి నాది కాదేమో అనిపిస్తుంది. ఇలా కూర్చుని కాసేపు భయపడతాను, తర్వాత అదే పోతుంది. అది నీకు కనబడకూడదనే అతికించాను, నువ్వు పిలిస్తే పలకనిదీ అందుకే."

మల్‌సున్‌కి వచ్చిన కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గుగా అనిపించింది, జాలిగా అనిపించింది, ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసీ ఇది చూడలేదే అనిపించింది. ఆ చెయ్యి అందుకుని వేళ్ళు తనే తెరిచింది. మధ్యలో ఆమె ఫోను మోగింది. టీమ్ లీడరు. మోగనిచ్చింది.

ఆ వారంలోనే గ్యాసు పైపుకి, కాసేపటికి దానంతటదే మూసుకుపోయే మర పెట్టించారు. నో గారిని మల్‌సున్ స్వయంగా వెళ్ళి పిలిచింది. ఆయన గుమ్మంలోనే నిలబడి, ముందు కెమెరా వైపు చూసి, దాని మీద స్టిక్కరు ఉందని రూఢి చేసుకుని మరీ లోపలికి వచ్చాడు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమె చొక్కా చేతి మీది స్టిక్కరు ఒకటి తీసి మొగుడికి ఇస్తుంది. అతను దాన్ని నిన్నటిదాని మీదే అతికిస్తాడు. అవసరమైతే తనే ఊడదీసి పిలుస్తానని మాట ఇచ్చాడు. పగలంతా గేటు దగ్గర ఆమె కన్ను ఫోను మీదికి పోతూనే ఉంటుంది. తెర నల్లగా ఉంటే, అలాగే ఉండనీ అనుకుంటుంది. ఆ అనుకోవడం రోజుకి ఎన్నిసార్లో, అది ఎంత కష్టమో, నెత్తి మీది కెమెరాకి తెలియదు.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విప్పి, మొదట కెమెరా దగ్గరికే వెళ్తుంది. వంగి, ఫ్యాక్టరీలో చూసినట్టే అంచులన్నీ చూస్తుంది. చెక్కుచెదరదు. అప్పుడే ఊపిరి వదిలి, "సరే, వెళ్ళొచ్చు" అంటుంది.

"ఎక్కడికే వెళ్ళేది?" అంటాడు దొక్‌గు వంటింట్లోంచి. "చెయ్యి కడుక్కురా, అన్నం చల్లారిపోతోంది."