పాప నెత్తి వాసన

నా చిన్నప్పుడు చెవిపోటుకు మందు మా తాత బీడీయే. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక దమ్ము లాగి, గోరువెచ్చని పొగ చెవిలోకి మెల్లగా ఊదేవాడు. నొప్పి తగ్గేదో లేదో గుర్తు లేదు. ఆ ఒళ్లో ఏడుపు మాత్రం తగ్గేది. అందుకే నొప్పి లేని రోజుల్లో కూడా చెవి పట్టుకుని వెళ్లేదాన్ని.

ఇబ్రహీంపట్నం చుట్టూ చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్న కాలం అది. మా నాన్న సిటీలో అపార్ట్‌మెంట్ల పనికి పొద్దున్నే బస్సెక్కేవాడు. తాత భూముల ధరలు మాట్లాడే మనుషులతో పొద్దంతా గడపలో కూర్చుని బీడీలు కాల్చేవాడు.

ఆ ఏడు మేనత్త కాన్పుకు వచ్చింది. పాపకు మూడు నెలలు నిండకుండానే ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టరమ్మ అడిగింది.

“ఇంట్ల ఎవ్వరు తాగరమ్మా. మా బాపు గడపల కూసొని తాగుతడు,” అంది అత్త.

“పొగకు గడప ఎర్కనా?” అందావిడ. ఇట్లాగే ఉంటే పాప ఊపిరితిత్తులు దెబ్బతింటాయని, బట్టలకు పట్టిన పొగ కూడా మంచిది కాదని, స్నానం చేయించాక సాంబ్రాణి వేయడం మానమని చెప్పింది.

తండ్రి ఇంట్లో ఉంటూ తండ్రిని బీడీ మానమని చెప్పడం అత్త వల్ల కాలేదు. ఆ సాయంత్రం పాపను తెచ్చి తాత ముందు కూర్చుంది.

“బాపు, దీని నెత్తి జర వాసన చూడు.”

తాత ముక్కు ఆనించి నవ్వాడు. “ఏముంటదే? పాల వాసన.”

అత్త నన్ను పిలిచింది. నేను వాసన చూసి సంబరంగా, “అచ్చం తాత లెక్కనే ఉంది!” అన్నాను. అంతకంటే మంచి వాసన నాకు తెలియదు.

తాత మళ్లీ వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. “నాకేం వస్తలేదు గదనే,” అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన చోటు పశువుల కొట్టం అవతలి బండ. స్నానం చేసి అంగీ మార్చుకోనిదే పాపను ఎత్తుకునేవాడు కాదు. పాప ఊపిరి నెమ్మదిగా కుదుటపడింది.

వానాకాలంలో నాకు నిజంగానే చెవిపోటు వచ్చింది. ఏడుస్తూ బండ దగ్గరికి పరుగెత్తాను. తాత దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడనే ఆగు బిడ్డా. ఊదుడు బంద్. మీ నాయినతోని దవాఖానకు పో.”

పాప వచ్చాక నేను చేదయ్యానని చాలా ఏళ్లు అనుకున్నాను. నాన్న నన్ను తిరిగి ఇంటికి తెచ్చేదాకా తాత ఆ రోజు అన్నం ముట్టలేదని ఆయన పోయాక అత్త చెప్పింది.

తాత బీడీ పూర్తిగా మానలేకపోయాడు. చివరి రోజుల్లో ఆ బండ దాకా నడిస్తేనే ఆయాసపడేవాడు. అయినా అక్కడికే వెళ్లేవాడు.

ఆయన ఒడి కోసం ఈ వయసులో కూడా ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరైనా నాకు ఎడంగా కూర్చుంటే, నన్ను వద్దనుకున్నారని తొందరపడి అనుకోను. ముందు వాళ్ల మొహం చూస్తాను. ఆ రోజు నేను తాత మొహం చూడలేదు.