ఆమేన్ అత్తయ్య చెప్పిన మనవి

కూతురు ఫోను చేసినప్పుడల్లా ఆమేన్ అత్తయ్యకు దక్కేది ఒకటే మాట. "బాగానే ఉన్నానమ్మా. నాన్నకివ్వు." నాన్న చేతికి వెళ్ళాక మాత్రం అదే ఫోను వేడెక్కేదాకా కబుర్లు సాగుతాయి. ఆయన చెక్కపొట్టు దులుపుకుంటూ వెనక వసారాలోకి నడిచిపోతాడు. అత్తయ్య కుట్టుమిషను తొక్కడం ఆపి చెవి అటు వేస్తుంది. ఎంత చెవి వేసినా "ఊఁ", "అలాగా", "చూద్దాంలే" తప్ప ఇంకేమీ వినబడదు. అసలే ఆయన పొదుపుగా మాట్లాడే మనిషి.

కన్నతల్లికి లేని చనువు తండ్రి దగ్గర ఎందుకంటే, దానికొక కథ ఉంది.

అత్తయ్య ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూదులు. ఆ సూదులు ఉన్నంతసేపే ఆవిడ నోరు మూతపడేదని చుట్టుపక్కలవాళ్ళ వేళాకోళం. చర్చిలో పాస్టరుగారి వాక్యం ఇంకా సగంలో ఉండగానే "ఆమేన్!" అని ఆవిడ గొంతు ఖంగుమనేది. వెనక బల్లల మీద కునికిపాట్లు పడేవాళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు. ఆ పేరు పెట్టింది కుర్రకారే అయినా, చివరికి పాస్టరమ్మగారి నోట కూడా అదే వచ్చేసింది.

నోట్లో నువ్వుగింజ నానదన్న మాటే గానీ అత్తయ్య మనసు వెన్న. శుక్రవారం కూటంలో పాస్టరమ్మగారు "మనవులు ఏమైనా ఉన్నాయా?" అని అడగ్గానే ముందు లేచేది ఆవిడే. ఎదురింటావిడ మోకాళ్ళ నొప్పి, పాలవాడి కొడుకు ఉద్యోగం, ఎవరింట్లోనో ఆగిపోయిన పెళ్ళి, అన్నీ పేరుపేరునా చెప్పేది. దాన్ని చాడీ అని ఎవరూ అనుకోలేదు. ఒకప్పుడు అత్తయ్య భర్త చెయ్యి రంపం కింద పడి వేలు పోయినప్పుడు, ఆవిడ లేచి ఏడుస్తూ మనవి పెడితే సంఘం మొత్తం మోకాళ్ళ మీద పడింది. ఆయన లేచి తిరిగేదాకా వంతులవారీగా అన్నం తెచ్చిపెట్టి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఒక మనిషి కష్టం తెలిసి కూడా మనవి పెట్టకపోతే ఆ మనిషి మీద ప్రేమ లేనట్టే అన్నది అక్కడి లెక్క. అత్తయ్య ఆ లెక్కలోనే పెరిగింది.

ఆ సంఘం అప్పుడప్పుడూ ఒక కుటుంబాన్ని పై దేశంలోని ఓ చిన్న సంఘానికి సువార్త పనికి పంపుతుండేది. ఆసారి అక్కడి ప్రార్థన హాలుకు బల్లలు కావాలన్నారు. అత్తయ్య భర్త వడ్రంగి గనుక కుటుంబం మొత్తానికీ పిలుపొచ్చింది. ఆయన బల్లలు చేయాలి, ఈవిడ అక్కడి ఆడవాళ్ళకు కుట్టు నేర్పాలి, కాలేజీలో చేరబోతున్న అమ్మాయి ఇంగ్లీషులో మాటలు అందించాలి.

"ప్రభువు కూడా వడ్రంగే కదయ్యా!" అన్నాడు పాస్టరుగారు భుజం తట్టి.

"అవునండీ. కానీ ఆయనకు పేరొచ్చింది ఆ పని మానేశాకే," అన్నాడాయన.

విమానం ఎక్కేముందే అత్తయ్యకు మొదటి దెబ్బ తగిలింది. చేతిసంచిలో పెట్టుకున్న పెద్ద కత్తెరను తనిఖీవాళ్ళు లాగేసుకున్నారు. పెళ్ళికి ముందునుంచీ వాడుతున్న కత్తెర అది. "దాంతో నేనెవర్ని పొడుస్తానయ్యా!" అని ఎంత మొత్తుకున్నా వాళ్ళు వినలేదు. విమానంలో ఉన్నంతసేపూ బిడ్డను పోగొట్టుకున్నట్టు ముక్కు చీదుతూనే ఉంది.

వాళ్ళకు బస ఇచ్చినావిడ ఇస్త్రీ పని చేస్తుంది. కింద బట్టలుతికే దుకాణం, పైన ఇల్లు. మెట్లన్నీ ఆవిరి వాసన. కత్తెర సంగతి విని ఆ ఇస్త్రీ ఆవిడ సొరుగులోంచి పాతగుడ్డలో చుట్టిన తన కత్తెర తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. అంతే, ఇద్దరూ ఒక్కటైపోయారు. మధ్యాహ్నాలు వంటగదిలో ఆవిడ ఇస్త్రీ చేస్తుంటే ఈవిడ గుండీలు కుట్టేది. ఆవిడ ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడేది, అమ్మాయి మధ్యలో కూర్చుని అటూ ఇటూ చెప్పేది. చెప్పాల్సిన అవసరం సగం సార్లు పడేది కాదు. గుడ్డ నాణ్యం గురించి మాట్లాడుకోవడానికి వేళ్ళు చాలు.

ఆ ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో ఒక పెద్దావిడ ఉండేది. ఇస్త్రీ ఆవిడకు అత్తగారు. మనవడు ఓడలో పనిచేస్తున్నాడట. పొద్దున్నే లేవగానే ఆవిడ అడిగే మాట ఒకటే.

"ఇవాళ సముద్రం ఎలా ఉందటమ్మా?"

"ప్రశాంతంగా ఉందటండీ," అనేది కోడలు, ఇస్త్రీపెట్టె వేడి చూసుకుంటూ. పెద్దావిడ తలూపి కిటికీలోంచి వీధి చూసేది. ఇస్త్రీ ఆవిడ ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటల్ని అమ్మాయి తెలుగులో చెప్పినప్పుడు అత్తయ్య ముచ్చటపడిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల మీద, అంతకుముందు రెండుమూడుసార్లు చూసిన మగ చొక్కాయే మళ్ళీ కనిపించింది. దర్జీ కన్ను కదా, ఊరుకోదు. ఆ భుజాలు ఇస్త్రీ ఆవిడ భర్తవి కావు, ఆయన సన్నపాటి మనిషి. పైగా కాలరు మీద తొడిగిన ఆనవాలు ఒక్కటీ లేదు. ఎవరూ తొడగని చొక్కాను ఎందుకిన్నిసార్లు ఇస్త్రీ చేస్తున్నారు?

"ఎవరిదమ్మా ఇది?" అని అడిగింది.

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి కూలబడింది. కొడుకు ఓడలో లేడు. జైల్లో ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆ చొక్కా తీసుకెళుతుంది. లోపలికి ఇవ్వనివ్వరని తెలుసు, అయినా తీసుకెళుతుంది. వెనక్కి తెచ్చి మళ్ళీ ఉతికి ఇస్త్రీ చేస్తుంది. కిటికీ దగ్గరున్న మనిషి గుండె అంతంతమాత్రం. ఆవిడకు తెలిస్తే తట్టుకోలేదు. ఇస్త్రీ ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పొద్దంటోందమ్మా," అంది అమ్మాయి, తన కళ్ళూ తుడుచుకుంటూ.

"నేనెందుకు చెప్తానే! నాకేం పని?" అని అత్తయ్య ఆవిణ్ణి గుండెకు హత్తుకుంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. చెప్పలేదు కూడా, కట్టుకున్నవాడితో కూడా చెప్పలేదు. కానీ దేవుడితో చెప్పడం చెప్పడం కిందికి రాదు కదా. ఆవిడ బుర్రలో ఆ రెండూ వేరువేరు అరల్లో ఉండేవి.

వీడ్కోలు ఆరాధన జరిగింది. కొత్త బల్లల వార్నిషు వాసన ఇంకా పోలేదు. పెద్దావిడను నడిపించుకొచ్చి ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. చివర్లో సంఘపెద్ద మైకు అందించి, మనవులేమైనా ఉంటే చెప్పమన్నాడు. అత్తయ్య తెలుగులో చెబితే అమ్మాయి ఇంగ్లీషులో చెప్పాలి, దాన్ని సంఘపెద్ద తమ భాషలో చెబుతాడు. అత్తయ్య చూపు ఇస్త్రీ ఆవిడ మీద పడింది. ఇంత ప్రేమ చూపిన మనిషి కోసం నోరు విప్పకుండా వెళ్ళిపోతే తను మనిషేనా?

"ఈ తల్లి కొడుకు జైల్లో మగ్గుతున్నాడు. సంకెళ్ళు తెగి బయటికొచ్చేలా అందరూ ప్రార్థన చెయ్యాలి," అంది.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. అందరూ చిరునవ్వుతో చూస్తున్నారు. ఇస్త్రీ ఆవిడ కూడా నవ్వింది.

"అమ్మా, అది వద్దు," అంది అమ్మాయి పెదవి కదపకుండా.

"ప్రార్థనకి అడ్డుపడతావేంటే? చెప్పు."

"అమ్మా..."

"చెప్పమంటున్నానా!"

తల్లి మాట జవదాటని పిల్ల. తల వంచుకుని, చెప్పు పట్టీ వైపు చూస్తూ, ఒక్క గుక్కలో ఇంగ్లీషులో చెప్పేసింది. ఆ తల్లి అనుమతితోనే చెబుతున్నారని సంఘపెద్ద అనుకున్నాడు. ఆయన తమ భాషలో చెప్పాక హాల్లో ఉలుకూ పలుకూ లేదు. ఆ నిశ్శబ్దంలో అలవాటు కొద్దీ అత్తయ్య ఒక్కతే గట్టిగా "ఆమేన్" అంది.

పెద్దావిడ వెనక్కి తిరగలేదు. కొత్త బల్ల అంచు మీద చెయ్యి వేసి పట్టుకుంది, అంతే.

మర్నాడు పొద్దున ఆవిడ సముద్రం గురించి అడగలేదు. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది గానీ ఆవిడ అందులో కూర్చోలేదు. ఇస్త్రీ ఆవిడ టీ ఇచ్చింది, రొట్టె ఇచ్చింది, వంటగది తలుపు మాత్రం దగ్గరగా వేసుకుంది. అత్తయ్య కత్తెర తిరిగి ఇవ్వబోతే చేత్తో అందుకోకుండా బల్ల చూపించింది. తిట్టినా బాగుండేదని అత్తయ్యకు అనిపించింది.

విమానంలో అమ్మాయి అన్నది ఒక్క మాట. "నా నోటితోనే చెప్పించావు కదమ్మా."

ఊరికి వచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. అత్తయ్య విమానం గురించి చెప్పింది, బల్లల గురించి చెప్పింది, అక్కడ ఆపేసింది. ప్రయాణపు బడలిక కాబోలనుకున్నారు అందరూ. ఇంట్లో మాత్రం కూతురి వెంటపడింది.

"ఒక్కసారి ఫోను కలిపి ఇవ్వవే. క్షమించమని అడుగుతాను."

"నీకు ఇంగ్లీషు రాదుగా. అదీ నా నోటితోనే చెప్పించాలా?"

ఆ తర్వాత అత్తయ్య మళ్ళీ అడగలేకపోయింది. ఆ క్షమాపణ లోపలే ఉండిపోయింది. ఏళ్ళు గడిచాయి. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, వేరే ఊళ్ళో కాపురం పెట్టింది. గొడవపడింది లేదు, మాటలు మానేసింది లేదు. తనలో సంగతులు మాత్రం తల్లికి చెప్పడం మానేసింది.

ఈమధ్య ఒకరోజు పెద్ద పెట్టెతో, అల్లుడు లేకుండా దిగింది. ఒంటిమీద డ్రెస్సు వేలాడుతోంది. రెండు పక్కలా లోపలికి కుట్టాల్సినంత చిక్కిపోయింది పిల్ల.

"బాగానే ఉన్నానమ్మా," అంది, అడక్కముందే.

అత్తయ్య వెనక వసారాలోకి వెళ్ళింది. భర్త ఒక కిటికీ రెక్కకు గరుకుకాగితం పడుతున్నాడు.

"మీకు చెప్పింది కదూ?"

"చెప్పింది."

"ఏంటట?"

ఆయన చెయ్యి ఆగింది. "నీకు చెప్పొద్దంది."

"తల్లినండీ నేను!"

"తల్లివే. నీకు తెలిస్తే శుక్రవారానికల్లా సంఘానికంతా తెలుస్తుందని దాని భయం." అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నాడు, మళ్ళీ పనిలో పడ్డాడు.

శుక్రవారం కూటానికి అమ్మాయి కూడా వచ్చి పక్కనే కూర్చుంది. పాస్టరమ్మగారు మనవులు అడిగారు. అత్తయ్య కాళ్ళు అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాయి. అందరి తలలూ ఇటు తిరిగాయి. ఆవిడ కిందికి చూసింది. అమ్మాయి తల వంచుకుని చెప్పు పట్టీ వైపు చూస్తోంది, అప్పుడు ఆ హాల్లో చూసినట్టే. తన బిడ్డ తనను చూసి భయపడుతోంది.

"ఏమీ లేవండి," అని కూర్చుంది.

"ఆమేన్ అత్తయ్యకి మనవులు లేవంటే ప్రభువు రాకడ దగ్గరపడినట్టే!" అన్నారెవరో వెనకనుంచి. అంతా నవ్వారు. అత్తయ్య కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని పెదాలు మాత్రం కదిపింది. అలా చప్పుడు లేకుండా ప్రార్థించడం ఆవిడకు అదే మొదలు.

ఇంటికొచ్చాక అమ్మాయి ముందుగదిలో కాసేపు నిలబడింది. "ఈ డ్రెస్సు కొంచెం బిగించి ఇస్తావా అమ్మా?" అంది.

అత్తయ్య సూదులు పెదాల మధ్య పెట్టుకోలేదు, చేత్తోనే పట్టుకుంది. గుడ్డ దగ్గరికి లాగుతుంటే వేళ్ళకు పక్కటెముకలు తగిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఉండబట్టలేక, "బాగానే ఉన్నావా తల్లీ?" అంది.

"బాగానే ఉన్నానమ్మా."

అప్పుడు గుర్తొచ్చింది కిటికీ పక్కనున్న ఆ పెద్దావిడ. రోజూ అడిగేది, రోజూ అదే జవాబు విని తలూపేది. ఆవిడకు అంతా తెలిసే అడిగేదేమో. కోడలు గుండె నిబ్బరంగా ఉండాలని తెలియనట్టు ఉండేదేమో. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన అత్తయ్యకు ఒక్కసారి కూడా రాలేదు.

"సరేనమ్మా," అని తలూపింది అత్తయ్య. "ఇటు తిరుగు, రెండో పక్క పెడతాను."